ఆరింటి బంతి, ఎనిమిదిన్నర బంతి

ఓడలో రాత్రి భోజనానికి ఒక వేళంటూ ఉండాలి. ఒక బల్ల, ఆ బల్లకో నంబరు, ఆ నంబరుకో వెయిటరు ఉండాలి. ఈ మాటంటే మా పిల్లలు, "అదంతా పాతకాలం నాన్నా, ఇప్పుడు ఎవరికి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడే వెళ్తారు" అంటారు. పాతకాలమే. ఆ కాలంలో నేను ఆ బల్లల మధ్యే బతికాను. 1980ల్లో విశాఖ నుంచి బొంబాయి వెళ్లి, సీడీసీ పుస్తకం, అంటే ఓడ ఉద్యోగానికి కావలసిన గుర్తింపు పుస్తకం, చేతపట్టుకుని ఏజెంట్ల ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి మయామీ రేవులో ఒక క్రూజ్ ఓడెక్కాను. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి, అసిస్టెంట్ వెయిటర్నై, వెయిటర్నై, హెడ్ వెయిటరుగా రిటైరయ్యాను. క్రూజ్ టికెట్ కొనేటప్పుడు "ఫిక్స్‌డ్ డైనింగా, ఫ్లెక్సిబులా?" అని ఒక ప్రశ్న వస్తుంది. చాలామంది చూసీ చూడకుండా రెండోదాని మీద వేలు పెట్టేస్తారు. ఏం పోగొట్టుకుంటున్నారో వాళ్లకి తెలియదు. నాకు తెలుసు, అందుకే ఈ బాధ.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఓడలో పెద్ద భోజనశాల ఒకటుంటుంది. ప్రయాణికులంతా ఒకేసారి అందులో పట్టరు. అందుకని రెండు విడతలుగా వడ్డించేవారు. మొదటిది ఆరింటికి, కొన్ని ఓడల్లో ఐదున్నరకే. రెండోది ఎనిమిదింటికో, ఎనిమిదిన్నరకో. మన పెళ్లిళ్లలో మొదటి బంతి, రెండో బంతి లేచినట్టే. ఓడెక్కిన రోజు కేబిన్‌లో ఒక చీటీ ఉండేది: మీ సిట్టింగు ఇది, మీ బల్ల నంబరు ఇది. ఇక వారం రోజులూ అదే వేళ, అదే కుర్చీ, ఎదురుగా అవే ముఖాలు, వడ్డించేది అదే ఇద్దరు. ఫ్లెక్సిబుల్ అంటే, ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మీకు నచ్చినప్పుడు వెళ్లండి, ఏ బల్ల ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు, ఆ బల్ల ఎవరిదైతే వాళ్లు వడ్డిస్తారు.

మా రోజుల్లో ఆరు కొట్టే ముందు ఒక కుర్రాడు నాలుగు లోహపు పలకలున్న చిన్న వాయిద్యం పట్టుకుని, సుత్తితో మోగించుకుంటూ డెక్కులన్నీ తిరిగేవాడు. అంతకు ముందు తరంలో బ్యూగిల్ ఊదేవారు. టైటానిక్‌లో ఫస్ట్ క్లాసువాళ్లకి భోజనం పిలుపు బ్యూగిలే. ఆ మోత వినపడేసరికి మేమంతా మా మా బల్లల దగ్గర నిలబడి ఉండాలి. తలుపులు తెరిచేసరికి గ్లాసుల్లో నీళ్లు, బుట్టల్లో వేడి రొట్టెలు. జనం లోపలికొచ్చి, ఎవర్నీ అడగకుండా ఎవరి బల్లకి వాళ్లు నడిచిపోయేవారు.

మొదటి రాత్రి అన్నీ అడిగేవాళ్లం. రెండో రాత్రి నుంచి అడగం. కిటికీ వైపు కూర్చునే పెద్దాయనకి ఐస్ టీ, అందులో నిమ్మచెక్క వద్దు. వాళ్లావిడకి సూపు ఏమాత్రం చల్లారినా గిట్టదు, కాబట్టి గ్యాలీలో ఆవిడ సూపు అన్నిటికన్నా ఆఖర్న పోయించుకోవాలి. ఆ పక్కమ్మాయిది ఎడమచేతి వాటం, కత్తీ ఫోర్కూ అటుదిటు పెట్టాలి. కాఫీ ఎవరికి మామూలుది, ఎవరికి కెఫీన్ తీసేసింది, ఎవరు చక్కెర అడిగి సిగ్గుపడి మానేస్తారు, ఇవన్నీ బుర్రలో ఉండాలి. రెండు సిట్టింగులకీ కలిపి అన్ని ముఖాలూ, అన్ని పేర్లూ. రాసుకోవడానికి టాబ్లెట్లు లేవు, చొక్కాజేబులో చిన్న పుస్తకం, అది కూడా మొదటి రాత్రికే. పేరుపెట్టి "గుడ్ ఈవెనింగ్ మిసెస్ ఫలానా" అన్నప్పుడు ఆ ముఖం ఎలా వెలిగేదో నేను చూశాను. జీవితమంతా ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక ఒక్కసారి ఓడెక్కిన మనిషికి, ఆ వారం రోజులు ఒకరు తన పేరు గుర్తుపెట్టుకోవడమంటే మామూలు విషయం కాదు.

మొదటి బంతి లేచి రెండో బంతి కూర్చునేలోపు దొరికే ఆ కాస్త టైములో మేం చేసే పని చూస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారు. బల్లగుడ్డలు మార్చడం, మెతుకులు ఊడ్చడం, చేప కత్తి, మాంసం కత్తి, సూపు చెంచా కొలిచినట్టు వరసగా పేర్చడం, న్యాప్‌కిన్లు మళ్లీ మడవడం. తలుపులు తీసేసరికి అంతకుముందు అక్కడ ఎవరూ తిననట్టే ఉండాలి. వంటవాళ్లకీ అంతే. సూఫ్లే అనే వంటకం ఓవెన్‌లోంచి తీసిన కాసేపటికే కుంగిపోతుంది. రెండే వేళలున్నప్పుడు షెఫ్ గడియారం చూసి లోపల పెట్టేవాడు, బల్ల మీదికి వచ్చేసరికి అది ఇంకా పొంగి ఉండేది. జనం నాలుగు గంటలపాటు విడివిడిగా వస్తూ ఉంటే ఏ షెఫ్ మాత్రం ఏం చేస్తాడు?

తోటి ప్రయాణికుల సంగతి దీనికన్నా పెద్దది. ఆరుగురివి, ఎనిమిది మందివి బల్లలు ఉండేవి. ముక్కూ మొహం తెలియనివాళ్లని ఒకచోట కూర్చోబెట్టేవాళ్లం. ఈ కూర్చోబెట్టడం పెద్ద విద్య. మేట్ర డీ, అంటే భోజనశాల మొత్తానికి పెద్ద, ఓడ కదలకముందే ప్రయాణికుల జాబితా ముందేసుకుని కూర్చునేవాడు. ఎవరు ఒంటరిగా వస్తున్నారు, ఎవరిది పెళ్లిరోజు, ఏ వయసు, ఏ భాష, అన్నీ చూసి బల్లలు వేసేవాడు. మొదటి రాత్రి సూపు దాకా ఎవరూ నోరు విప్పరు. మూడో రాత్రికి ఒకరి ప్లేట్లోది ఒకరు రుచి చూస్తుంటారు. ఆఖరి రాత్రికి అడ్రసులు రాసుకుంటారు. ఒక బల్లవాళ్లు మరుసటి ఏడు ఒకే వారానికి కలిసి టికెట్లు కొనుక్కుని, మళ్లీ నా సెక్షనే కావాలని అడిగి వచ్చారు.

ఒకసారి మా సెక్షన్లో ఎనిమిది మంది బల్ల దగ్గర ఒక ముసలావిడ ఉండేది. భర్త పోయాక ఒంటరిగా వచ్చిన మనిషి. మూడో రాత్రి ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. సూపు అయిపోయింది, ఆవిడ రాలేదు. బల్లమీద మిగతావాళ్లే నన్ను పిలిచి "ఆవిడేరీ?" అన్నారు. హెడ్ వెయిటరుతో చెప్తే కేబిన్‌కి ఫోన్ చేయించాడు. ఎత్తలేదు. కేబిన్ స్టివార్డు వెళ్లి తలుపు తీసి చూస్తే స్నానాలగదిలో పడి ఉంది, లేవలేకుండా ఉంది, తుంటి విరిగింది. డాక్టరు పరుగున వచ్చాడు. మర్నాడు పొద్దున్న రేవులో దింపి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆ బల్లవాళ్లంతా ఓడ దిగే గ్యాంగ్‌వే మెట్ల దగ్గర నిలబడ్డారు, ఒకావిడ ఆమె చెప్పులు సంచీలో సర్ది ఇచ్చింది. ఆవిడ రాలేదని మాకు తెలిసింది ఆవిడకంటూ ఒక కుర్చీ ఉంది కాబట్టే. ఇప్పుడైతే ఆవిడ ఒక రాత్రి భోజనానికి రాకపోతే, బఫేకి వెళ్లిందనుకుంటారు. అసలు అనుకోవడానికైనా ఎవరున్నారు?

మన శాకాహారుల మాట చెప్తాను, తెలుగువాళ్లకి ఇది బాగా పనికొచ్చే సంగతి. 1990ల నుంచి అమెరికాలోని మనవాళ్లు అమ్మానాన్నల్ని తీసుకుని క్రూజులకి రావడం మొదలుపెట్టారు. మడీ ఆచారం ఉన్న ఒక పెద్దాయన నా బల్లకి వచ్చినప్పుడు, సూపులో మాంసం నీళ్లు కలుస్తాయేమో, కేకులో గుడ్డు ఉంటుందేమో అని మొదటి రాత్రి రొట్టె, వెన్న తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఆ రాత్రే హెడ్ వెయిటరు మర్నాటి మెనూ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఏది కుదురుతుంది, ఏది వేరుగా చేయించాలి అని ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకున్నాం. గ్యాలీలో మన దేశపు వంటవాళ్లు ఉండేవారు, ఇప్పుడూ ఉంటారు. రెండో రాత్రి ఆయనకి అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, పెరుగు వచ్చాయి. తర్వాత వారమంతా ఆయన మాకు ఏమీ చెప్పవలసిన పని పడలేదు. ఇప్పటికీ చాలా ఓడల్లో ఇలాగే జరుగుతుంది: ముందురోజే హెడ్ వెయిటరుతో చెబితే మన వంట చేసి పెడతారు. అయితే అది సాఫీగా జరగాలంటే మీ సంగతి తెలిసిన వెయిటరు రోజూ ఒకడే ఉండాలి. రోజుకో బల్ల అయితే రోజూ మొదటినుంచీ చెప్పుకోవాలి.

రోజూ చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఈమధ్య చూశాను. మా అమ్మాయి కుటుంబంతో సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లాం. అమ్మాయి ఫ్లెక్సిబుల్ ఎంచుకుంది. ప్రతి సాయంత్రం ఐదింటి నుంచీ అదే చర్చ: ఎన్నింటికి వెళ్దాం? అల్లుడికి ఏడు, పిల్లలకి ఆరు, మా ఆవిడకి ఎనిమిది. తేలాక ఫోన్‌లో వరసలో పేరు ఇవ్వాలి. "మీ బల్ల సిద్ధంగా ఉంది" అని మెసేజ్ వచ్చేదాకా మెట్ల దగ్గర నిలబడాలి. అక్కడ అందరూ నిలబడి ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నారు. ఒక రాత్రి ఏడుగురికి బల్ల లేదని మమ్మల్ని రెండుగా విడదీశారు. నేనూ మా ఆవిడా స్తంభం వెనక, వాళ్లు హాలు అవతల. సెలవు పెట్టుకుని, అంత డబ్బు పోసి కుటుంబమంతా కలిసి ప్రయాణం చేసేది ఇందుకా? మా చిన్న మనవడికి వేరుశనగ పడదు. రోజూ కొత్త వెయిటరు, రోజూ మా అమ్మాయి అదే సంగతి మొదటినుంచీ చెప్పడం, అతను లోపలికెళ్లి అడిగి రావడం, వాడి ప్లేటు అందరికన్నా ఆఖర్న రావడం. ఆ వెయిటర్ల తప్పేమీ లేదు. అందరూ మంచి పిల్లలే, చురుకైన పిల్లలే. వాళ్లకి మమ్మల్ని తెలుసుకునే అవకాశమే ఇవ్వలేదు.

ఎప్పుడంటే అప్పుడు తినడం కొత్తగా కనిపెట్టిందేమీ కాదని కూడా పిల్లలకి తెలియాలి. 1905లోనే జర్మన్ల అమెరికా అనే ఓడలో రిట్జ్ పేరుతో వేరే రెస్టారెంటు ఉండేది. 1912లో టైటానిక్ బి డెక్కు మీద లుయీజి గాట్టీ నడిపిన రెస్టారెంటులో ఫస్ట్ క్లాసువాళ్లు తమకి నచ్చిన వేళకి వెళ్లి, వేరుగా డబ్బు కట్టి తినేవారు. కావలసినవాళ్లకి అది ఉండేది. కానీ పెద్ద భోజనశాలని దాని పద్ధతిలో ఉండనిచ్చారు. 2000లో నార్వేజియన్ కంపెనీ ఫ్రీస్టైల్ క్రూజింగ్ అంటూ నిర్ణీత వేళల్నే ఎత్తేసింది. తర్వాత ప్రిన్సెస్ వాళ్లు ఎనీటైమ్ అన్నారు, రాయల్ కరీబియన్ వాళ్లు మై టైమ్ అన్నారు, కార్నివాల్ వాళ్లు యువర్ టైమ్ అన్నారు. ప్రయాణికుడికి స్వేచ్ఛ అన్నారు. నేను లోపలినుంచి చూసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెప్తాను. ఓడలు పెరిగిపోయాయి. 1970లో సాంగ్ ఆఫ్ నార్వే దిగినప్పుడు దాంట్లో ఏడు వందల పైచిలుకు ప్రయాణికులు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో కేబిన్‌కి ఇద్దరి చొప్పున లెక్కేసినా 5,610 మంది. అంతమందిని బల్లలకి పంచి కూర్చోబెట్టే ఓపిక ఎవరికీ లేదు. పైగా ఓడ నిండా వేరే డబ్బు కట్టి తినే హోటళ్లు పెట్టారు: స్టేకుల హోటలు, ఇటలీ హోటలు, సుషీ. ఎనిమిదిన్నరకి తన బల్ల, తన వెయిటరు, తన తోటివాళ్లు ఎదురుచూస్తుంటే ఆ మనిషి అక్కడికి వెళ్లడు. ఏ బల్లా తనది కానప్పుడు ఎక్కడైనా ఒకటే కదా అని వెళ్తాడు.

ఇందులో నాకు మరీ మనసు కష్టపెట్టే సంగతి ఒకటుంది. కునార్డ్ ఓడల్లో ఖరీదైన సూట్లు తీసుకునేవాళ్లకి క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్ అని వేరే భోజనశాలలుంటాయి. వాళ్లు భోజనం టైములో ఎప్పుడైనా రావచ్చు, కానీ వాళ్ల బల్ల ప్రయాణమంతా వాళ్లదే, వాళ్ల వెయిటర్లు వాళ్లే. డబ్బున్నవాడికి ఆ బల్ల విలువ తెలుసు, వదులుకోవడం లేదు. మామూలు మనిషికి మాత్రం చాలా చోట్ల దాన్ని తీసేసి, వరసలో నిలబడడమే స్వేచ్ఛ అని చెప్పారు. డిస్నీ ఓడల పద్ధతి నాకు నచ్చింది. అక్కడ కుటుంబం రోజుకో భోజనశాలకి మారుతుంది, వెయిటర్లు మాత్రం వాళ్లతోపాటే మారుతారు. 1998లో మొదటి ఓడ దించినప్పటి నుంచీ అదే పద్ధతి. వేల మంది ఉన్న ఓడలో కూడా మనిషిని మనిషి గుర్తుపట్టే ఏర్పాటు చేయవచ్చని వాళ్లు చూపించారు.

టిప్పుల మాట ఎత్తకుండా వెయిటరు కథ పూర్తికాదు. మా రోజుల్లో కంపెనీ జీతం నామమాత్రం. ఆఖరి రాత్రి బేక్డ్ అలాస్కా ఊరేగింపు అయ్యాక, అంటే దీపాలార్పి, మంటలు వెలిగించిన ఐస్‌క్రీం కేకులు ఎత్తిపట్టుకుని మేమంతా హాలు చుట్టూ తిరిగాక, జనం న్యాప్‌కిన్లు గాల్లో తిప్పుతూ చప్పట్లు కొట్టాక, కవర్లు చేతికొచ్చేవి. వెయిటరుకొకటి, అసిస్టెంటుకొకటి, హెడ్ వెయిటరుకొకటి. చాలామంది కవరుతోపాటు చెయ్యి పట్టుకుని రెండు మాటలు చెప్పేవారు. ఇప్పుడు పెద్ద అమెరికన్ కంపెనీల్లో మనిషికి రోజుకి ఇంత అని ఖాతాలోనే పడిపోతుంది. వెయిటరుకి రాబడి ఖాయమవడం మంచిదే, దానికి నేను వ్యతిరేకిని కాను. టిప్పు రాని వారాలు నేనూ చూశాను. కానీ రోజుకొకరు వడ్డిస్తే ఆఖరి రాత్రి ఎవరి చెయ్యి పట్టుకుంటారు? కుర్రాడు ఎంత బాగా చేసినా మర్నాడు అతని ముఖం మీకు కనిపించదు.

ఎదుటివాళ్ల వాదనలో బలం లేదని నేననను. అలాస్కాలో, జూన్ నెలలో జూనోలో పొద్దుగూకేది రాత్రి పదింటికి. ఓడ అక్కడ తొమ్మిదింటి దాకా, పదింటి దాకా ఆగుతుంది. తిమింగలాల్ని చూడ్డానికి పడవలో వెళ్లినవాడు ఐదున్నర భోజనానికి ఎలా వస్తాడు? మధ్యధరా ఓడల్లో కూడా రేవుల్లో పొద్దుపోతుంది. పసిపిల్లలు ఎనిమిదిన్నర దాకా మేలుకోరు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవి ఏ సిట్టింగు ఎంచుకోవాలో చెప్పే సంగతులు, సిట్టింగే వద్దని చెప్పేవి కావు. రేవులెక్కువున్న ప్రయాణమైతే రెండో సిట్టింగు తీసుకోండి. అప్పుడు థియేటర్లో ఆట ముందు చూసుకుని భోజనానికి రావచ్చు. పసిపిల్లలూ, షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లూ ఉంటే మొదటిది తీసుకోండి, ఆట తర్వాత చూస్తారు. ఒక రాత్రి రేవులో ఆలస్యమైతే బఫే ఎలాగూ ఉంటుంది. ఆ ఒక్కరోజు మానేస్తే, మర్నాడు మీ బల్లవాళ్లు "నిన్న ఏమయ్యారు?" అని అడుగుతారు, చూడండి.

మన విశాఖకి కూడా ఓడలు వచ్చేశాయి. 2022లో కార్డేలియా వాళ్ల ఎంప్రెస్ వచ్చి ప్రయాణికుల్ని ఎక్కించుకుని పుదుచ్చేరి, చెన్నై వైపు వెళ్లింది. ఆ ఓడ 1990లో రాయల్ కరీబియన్ వాళ్లు నార్డిక్ ఎంప్రెస్ పేరుతో దించినది, మా తరం ఓడ. 2023లో పోర్టులో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. సింగపూర్ వెళ్లి ఓడెక్కే తెలుగు కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి, అమెరికా పిల్లల దగ్గరికి వెళ్లి ఎక్కే తల్లిదండ్రులకి లెక్కే లేదు. అందుకే ఇది నా ఉద్యోగం గోలగా కాకుండా మీ పనికొచ్చే మాటగా చెప్తున్నాను.

టికెట్ కొనే రోజునే ఏ కంపెనీలో నిర్ణీత వేళ ఉందో అడగండి. నార్వేజియన్‌లో లేదు, రాయల్ కరీబియన్, కార్నివాల్, ఎంఎస్‌సీ లాంటివాటిలో ఉంది. ఇద్దరే వెళ్తుంటే ఇద్దరి బల్ల అడక్కండి, ఆరుగురిదో ఎనిమిది మందిదో అడగండి. మీకు కావలసిన సిట్టింగు నిండిపోయిందంటే వెయిటింగ్ లిస్టులో పేరు ఇచ్చి, ఓడెక్కిన మధ్యాహ్నమే భోజనశాలకి వెళ్లి మేట్ర డీని కలవండి. ఆ పూట ఆయన అక్కడే ఉంటాడు, మర్యాదగా అడిగినవాళ్లకి సర్దుతాడు. అప్పటికే ఫ్లెక్సిబుల్ తీసేసుకుని ఉంటే, రోజూ ఒకే వేళకి, ఒకే వెయిటరు సెక్షన్‌లో బల్ల ఇమ్మని అడగండి, చాలా ఓడల్లో ఇస్తారు. మొదటి రాత్రే మీకు పడనివి చెప్పండి, వెయిటరు పేరు అడిగి గుర్తుపెట్టుకోండి. ఆఖరి రాత్రి, ఖాతాలో ఎంత పడినా సరే, ఒక కవరు అతని చేతికివ్వండి. మీకు కావలసిన సిట్టింగు ముందే నిండిపోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి.